హ్యారీ రైట్ మొదటి ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాడేనా? క్రికెటర్‌కి బేస్‌బాల్‌లో అంత పేరెలా వచ్చింది?

ఆరో తరగతి చదివే బాబుకి స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారని, అందులో హ్యారీ రైట్ పేరు వచ్చిందని ఒక తల్లి ఇక్కడ అడిగారు. ఆవిడ సందేహం ఇది: "ఈయన ఇంగ్లండ్‌లో పుట్టిన క్రికెటర్ అంటున్నారు. మరి అమెరికా బేస్‌బాల్‌లో మొదటి ప్రొఫెషనల్ ఈయనే అని ఎలా అంటారు? ఇంత పేరు ఎందుకొచ్చింది?"

ముందు సూటిగా చెప్పేస్తాను. బేస్‌బాల్‌లో మొట్టమొదట డబ్బు తీసుకుని ఆడింది హ్యారీ రైట్ కాదండి. ఆయన కంటే ముందే చాటుగా డబ్బు పుచ్చుకుని ఆడినవాళ్ళున్నారు. 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టులో పదిమందికి పదిమందినీ అందరికీ తెలిసేలా జీతాల మీద పెట్టుకుని, ఆ జీతానికి తగ్గ పని చేయించి చూపించిన కెప్టెన్ ఆయన. ఆయన పేరు ఇవాళ్టికీ నిలబడింది అందుకే. క్రికెట్ ఇంటి నుంచి వచ్చారు కాబట్టే అది ఆయన వల్ల అయిందని నా గట్టి నమ్మకం. ఎందుకో వివరంగా రాస్తాను.

నా సంగతి రెండు ముక్కలు. కుర్రతనంలో విజయవాడలో లీగ్ క్రికెట్ ఆడాను. ఒహాయో వచ్చి పద్దెనిమిదేళ్ళు దాటింది. పన్నెండు సీజన్లుగా పిల్లల బేస్‌బాల్ జట్లకు కోచింగ్ ఇస్తున్నాను, వారాంతాల్లో అంపైరింగ్ చేస్తాను. ఇక్కడ 1860ల నాటి నియమాలతో, చేతికి గ్లవ్ లేకుండా ఆడే జట్లు ఉన్నాయి. అలాంటి ఒక జట్టుతో నాలుగు వేసవులు ఆడాను. హ్యారీ రైట్ గురించి చదవడం మొదలుపెట్టింది ఆ నాలుగేళ్ళలోనే.

ఆయన 1835 జనవరి 10న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టారు. పసివాడిగా ఉండగానే కుటుంబం అమెరికా వచ్చేసింది. తండ్రి శామ్యూల్ రైట్ న్యూయార్క్‌లో సెయింట్ జార్జ్ క్రికెట్ క్లబ్‌లో ప్రొఫెషనల్. ఈ మాటని ఇప్పటి అర్థంలో తీసుకోకండి. ఆ రోజుల్లో క్రికెట్ క్లబ్‌లో ప్రొఫెషనల్ అంటే జీతానికి కుదిరిన మనిషి. పొద్దున్నే వచ్చి గడ్డి కోయాలి, పిచ్ చదును చేయాలి, సభ్యులు ప్రాక్టీస్‌కి వస్తే వాళ్ళకు బంతులేయాలి, ఆట నేర్పాలి, మ్యాచ్ రోజున ఆడాలి. మన ఊళ్ళ క్రికెట్ గ్రౌండ్లలో రోలర్ లాగే గ్రౌండ్స్‌మన్, నెట్స్‌లో సాయంత్రం దాకా బంతులేసే కుర్రాడు, కోచ్ ముగ్గురూ ఒకే మనిషైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. హ్యారీ ఆ ఇంట్లో పెరిగారు. పద్నాలుగేళ్ళకు బడి మానేసి నగలు తయారుచేసే చోట పనికి కుదిరారు. తర్వాత తండ్రి పక్కనే క్రికెట్‌లో జీతానికి చేరారు.

సెయింట్ జార్జ్ క్లబ్ హొబోకెన్‌కి మారాక, పక్కనే ఎలీసియన్ ఫీల్డ్స్‌లో నికర్‌బాకర్స్ అనే జట్టు బేస్‌బాల్ ఆడేది. పేరున్న పాత బేస్‌బాల్ క్లబ్బుల్లో అదొకటి. 1858 నాటికి హ్యారీ ఆ జట్టులో కూడా ఆడుతున్నారు. క్రికెట్‌లో ఉద్యోగం, బేస్‌బాల్‌లో సరదా. అప్పటికి బేస్‌బాల్ గుమాస్తాలు, వ్యాపారులు సాయంత్రం పూట కలిసి ఆడుకునే ఆట. డబ్బు తీసుకోవడం మర్యాద కాదు, క్లబ్బుల సంఘం నియమాలూ ఒప్పుకోవు.

ఒప్పుకోకపోయినా జరిగేది. బ్రూక్లిన్ ఎక్సెల్సియర్స్ జట్టు పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) జిమ్ క్రైటన్ 1860లోనే లోపాయికారీగా డబ్బు తీసుకున్నాడని చరిత్ర రాసినవాళ్ళలో చాలామంది నమ్ముతారు. పాపం, అతను 1862లో 21 ఏళ్ళకే చనిపోయాడు. మంచి ఆటగాడికి ఎవరో ఒకరి కొట్లో పేరుకి ఉద్యోగం ఇచ్చి జీతం ముట్టజెప్పడం కూడా ఆ కాలంలో మామూలే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఆడే రోజుల్లో టోర్నమెంట్లకు బయటి ఊరి బౌలర్లను పిలిపించేవారు. ఆట అయ్యాక స్కోరర్ టేబుల్ వెనకాల కవర్ చేతిలో పెట్టేవారు. ఒక ఏడాది సెమీఫైనల్లో మా జట్టుకి అలా వచ్చినతను చివరి రెండు ఓవర్లలో బాగా పరుగులిచ్చాడు. నిజానికి ఆ రోజు అతనికి భుజం నొప్పి, ఉదయమే నాతో అన్నాడు. కానీ అవతలివాళ్ళ దగ్గర కూడా డబ్బు తీసుకున్నాడని ఊరంతా పుకారు. ఆ మాట పడలేక మళ్ళీ మా వైపు రాలేదు. ఎంత ఇచ్చారో, ఎందుకిచ్చారో బయటికి తెలిస్తే ఆ పుకారు పుట్టేదే కాదు. చాటు డబ్బులో అసలు చిక్కు అదే: ఓడిన ప్రతిసారీ అనుమానం. 1860ల బేస్‌బాల్ చుట్టూ పందేలు కాసేవాళ్ళు ముసురుకుని ఉన్నారు. ఆటగాడు ఒక క్యాచ్ వదిలేస్తే చాలు, అమ్ముడుపోయాడనేవారు.

హ్యారీకి ఈ మొహమాటం లేదు. ఆయనకు తెలిసిన ప్రపంచంలో జీతం తీసుకుని ఆడటం సిగ్గుపడే విషయం కాదు, తండ్రి చేసిన పని అది. 1865లో సిన్సినాటిలోని యూనియన్ క్రికెట్ క్లబ్‌కి ఏడాదికి 1,200 డాలర్ల జీతం మీద వెళ్ళారు. రెండేళ్ళు తిరక్కుండానే ఆ ఊరి మోజు క్రికెట్ నుంచి బేస్‌బాల్ మీదికి మళ్ళింది, ఆయన కూడా అటే మళ్ళారు. 1869 సీజన్‌కి క్లబ్బుల సంఘం ప్రొఫెషనల్స్‌ని ఒప్పుకోగానే సిన్సినాటి క్లబ్ జట్టు మొత్తాన్ని జీతాల మీద పెట్టింది.

బాబు ప్రాజెక్ట్‌కి ఈ అంకెలు పనికొస్తాయి. షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌గా (బేస్ అంటే పరుగులో తాకాల్సిన మజిలీ) ఆడిన తమ్ముడు జార్జ్ రైట్‌కి 1,400 డాలర్లు. కెప్టెన్, సెంటర్ ఫీల్డర్ అయిన హ్యారీకి 1,200. పిచర్ ఏసా బ్రెయినార్డ్‌కి 1,100. మూడో బేస్ దగ్గర ఆడే ఫ్రెడ్ వాటర్‌మన్‌కి 1,000. మిగతా అయిదుగురికి తలా 800, అదనపు ఆటగాడికి 600. మొత్తం 9,300 డాలర్లు, మార్చి మధ్య నుంచి నవంబర్ మధ్య వరకు. జట్టు నడిపే అన్నకంటే తమ్ముడికి 200 ఎక్కువ! అప్పటి ఆటగాళ్ళలో జార్జ్‌ని మించినవాడు లేడు, ఆ లెక్కకు అన్న అడ్డుపడలేదు. ఇంకో విషయం, ఈ జట్టులో అసలు సిన్సినాటి మనిషి ఒక్కడే, మొదటి బేస్ దగ్గర ఆడే ఛార్లీ గూల్డ్. మిగతావాళ్ళంతా బయటి నుంచి వచ్చినవాళ్ళే.

ఆ ఏడాది వాళ్ళు క్లబ్ జట్లతో 57 ఆటలు గెలిచారు, ఒక్కటీ ఓడలేదు. జూన్‌లో న్యూయార్క్ వెళ్ళి మ్యూచువల్స్‌ని 4–2తో ఓడించారు. జట్లు ఒక్కో ఆటలో నలభై, యాభై పరుగులు చేసే ఆ రోజుల్లో 4–2 అంటే జనానికి నమ్మశక్యం కాలేదు. వాషింగ్టన్‌లో అధ్యక్షుడు గ్రాంట్‌ని కలిశారు. ఖండం ఈ చివర నుంచి ఆ చివరకి రైలు మార్గం పూర్తయింది ఆ మే నెలలోనే, సెప్టెంబర్‌లో వీళ్ళు శాన్ ఫ్రాన్సిస్కోలో ఆడుతున్నారు. మచ్చ పడింది ఒక్క ఆటకే. ఆగస్టులో ట్రాయ్ హేమేకర్స్‌తో స్కోరు 17–17 ఉండగా అవతలి జట్టు ఒక నిర్ణయం మీద గొడవపడి గ్రౌండ్ వదిలి వెళ్ళిపోయింది. వాళ్ళ మీద పెద్ద పందేలు కాసినవాళ్ళు డబ్బు పోకుండా చేసిన పని అదని అప్పుడే అనుకున్నారు. ఇంత తిరిగి, ఇన్ని గెలిచాక సీజన్ చివర్లో క్లబ్ ఖాతాలో మిగిలింది 1 డాలరు 39 సెంట్లు.

గెలిచిన 57 ఆటల కంటే ఓడిన ఒక ఆటని బాబు చదవాలని నా కోరిక. 1870 జూన్ 14, బ్రూక్లిన్, కాపిటోలిన్ గ్రౌండ్స్, అట్లాంటిక్స్ జట్టుతో. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 5–5. అట్లాంటిక్స్ డ్రా చాలనుకుని గ్రౌండ్ వదిలారు. సిన్సినాటి క్లబ్ అధ్యక్షుడు ఒప్పుకోలేదు, హ్యారీ కూడా ఒప్పుకోలేదు. నియమాల పుస్తకం ప్రకారం ఆట తేలేదాకా ఆడాలన్నారు. నియమాలు తెలిసిన పత్రికా రచయిత హెన్రీ చాడ్విక్ అక్కడే ఉంటే ఆయన్నడిగారు, ఆయనా అదే చెప్పారు. డ్రాకి సరేనంటే ఓటమి లేని వరస అలాగే ఉండిపోయేది, వేలమంది జనం ఇళ్ళకు వెళ్ళేవారు. హ్యారీ మళ్ళీ ఆడించారు.

పదో ఇన్నింగ్స్‌లో జార్జ్ తేలిగ్గా లేచిన క్యాచ్‌ని కావాలని పట్టకుండా, బంతి నేలమీద పడ్డాక తర్వాతి బేస్‌కి పరుగెత్తక తప్పని ఇద్దరినీ ఔట్ చేశాడు. ఇన్‌ఫీల్డ్ ఫ్లై అనే నియమం (అలాంటి తేలిక క్యాచ్ పట్టకపోయినా బ్యాటర్ ఔటే) ఇప్పుడు ఉన్నది ఇలాంటి ఎత్తులను ఆపడానికే. పదకొండో ఇన్నింగ్స్‌లో సిన్సినాటి రెండు పరుగులు చేసి 7–5కి వెళ్ళింది. అట్లాంటిక్స్ వంతు వచ్చింది. జో స్టార్ట్ కొట్టిన బంతి కుడివైపు జనంలో పడింది, దాన్ని తెచ్చేలోపు ఒక పరుగు. కెప్టెన్ బాబ్ ఫెర్గూసన్ షార్ట్‌స్టాప్‌లో ఉన్న జార్జ్‌కి బంతి వెళ్ళకూడదని ఎడమచేతి వాటంగా నిలబడి కొట్టాడు, 7–7. ఆఖరికి ఛార్లీ గూల్డ్ దగ్గరికి వచ్చిన బంతి చేజారింది, కంగారులో రెండో బేస్‌కి విసిరింది కూడా తప్పింది. 8–7. సిన్సినాటి కుర్రాడి చేతిలోంచే సిన్సినాటి ఆట జారిపోయింది. అంపైర్‌గా నిలబడేవాడిని కాబట్టి నాకు ఈ ఆట చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. తనకి నష్టమయ్యే చోట కూడా నియమం అంటే నియమమే అన్న కెప్టెన్లు నాకు చాలా తక్కువమంది ఎదురయ్యారు.

ఆటలో ఆయన తెచ్చిన మార్పుల దగ్గరికొద్దాం. ప్రాక్టీస్‌ని పనిలో భాగం చేశారు. మాకు నెట్స్ ఎంత మామూలో క్రికెట్ ప్రొఫెషనల్‌కి అంత మామూలు. బేస్‌బాల్ క్లబ్బుల్లో మాత్రం మ్యాచ్ ఆడటమే ప్రాక్టీస్. ఆయన ఆటకు ముందు ఫీల్డర్లకు బంతులు కొట్టి పట్టించేవారు, ఒకడు బంతికోసం వెళ్తే ఇంకొకడు వెనక కాపలా ఉండాలని నేర్పేవారు, క్యాచ్ ఎవరిదో గట్టిగా పేరు పెట్టి అరిచేవారు. ఇవాళ పదేళ్ళ పిల్లలకు నేను మొదటి వారం నేర్పేది సరిగ్గా ఇవే. ఒక సీజన్‌లో మా జట్టు మొదటి నాలుగు ఆటలూ ఓడింది. బ్యాటింగ్ ప్రాక్టీస్ సగం తగ్గించి, విసిరిన బంతి వెనక ఎవరు నిలబడాలన్న దాని మీదే రెండు వారాలు గడిపాం. తల్లిదండ్రులు కొంతమంది సణిగారు. ఆ తర్వాతి ఆరు ఆటల్లో అయిదు గెలిచాం. మావాళ్ళు బాగా కొట్టడం వల్ల కాదు, అవతలివాళ్ళకు ఊరికే ఇచ్చే పరుగులు ఆగిపోవడం వల్ల.

నెమ్మది బంతి ఆయన ప్రత్యేకత. అప్పట్లో పిచర్ 45 అడుగుల దూరం నుంచి చేయి కిందినుంచే విసరాలి. మధ్యలో బయటి ఆటగాడిని దించే వీలు లేదు. బ్రెయినార్డ్ వేగాన్ని బ్యాటర్లు అలవాటు చేసుకోగానే హ్యారీ సెంటర్ ఫీల్డ్‌లోంచి నడిచొచ్చి, చోటు మార్చుకుని, తేలుతూ వచ్చే బంతులు వేసేవారు. మన స్పిన్నర్ గాల్లోకి ఎగరేసిన బంతికి తొందరపడి స్టంపౌట్ అయిన బ్యాటర్‌ని తలుచుకోండి, అదే మోసం. పాత నియమాల ఆటలో నేను అలాంటి బంతికి మొదటి నాలుగుసార్లూ ముందే బ్యాట్ ఊపేసి తేలిక క్యాచ్ ఇచ్చాను. క్రికెట్‌లో పదేళ్ళు ఆడిన అలవాటు కూడా ఆదుకోలేదు.

మోకాలి దాకా ఉండే ప్యాంటు, కింద పొడవాటి ఎర్ర మేజోళ్ళు కూడా ఆ సిన్సినాటి జట్టుతోనే జనానికి తెలిశాయి. అంతకుముందు ఆటగాళ్ళు పొడవు ప్యాంట్లలో ఆడేవారు, పరుగులో కాళ్ళకు అడ్డం పడేవి.

1870 తర్వాత సిన్సినాటి క్లబ్ ఖర్చు మోయలేక ప్రొఫెషనల్స్‌ని వదిలేసింది. హ్యారీ బోస్టన్ వెళ్ళి, తమ్ముడితో పాటు గూల్డ్‌నీ, కాల్ మెక్‌వీనీ తీసుకెళ్ళి, రెడ్ స్టాకింగ్స్ అనే పేరు కూడా వెంట తీసుకెళ్ళారు. 1872 నుంచి 1875 దాకా వరసగా నాలుగు ఛాంపియన్‌షిప్‌లు. 1875లో 71 గెలుపులు, 8 ఓటములు. నేషనల్ లీగ్ అనే కొత్త ప్రొఫెషనల్ లీగ్ మొదలయ్యాక 1877, 1878ల్లో మళ్ళీ రెండు. ఆటకు టికెట్ 50 సెంట్లు ఉండాల్సిందేనని పట్టుబట్టేవారు. నాటకానికి అంతకంటే ఎక్కువ ఇస్తున్న జనం మంచి ఆటకు ఇవ్వరా, ఆ ధరకు తగ్గట్టు ఆడటం మన బాధ్యత అన్నది ఆయన వాదన. ఆదివారం మాత్రం ఆడేవారు కాదు.

1874లో బోస్టన్, ఫిలడెల్ఫియా జట్లను ఇంగ్లండ్ తీసుకెళ్ళారు. బేస్‌బాల్ చూపించడానికి వెళ్ళి, ఇంగ్లండ్ క్లబ్బులతో క్రికెట్ కూడా ఆడారు, లార్డ్స్‌లో సహా. ఆయన పుట్టిన షెఫీల్డ్‌లోనూ ఆడారు. ఒక్క క్రికెట్ మ్యాచ్ కూడా ఓడలేదు. అయితే అవతల 11 మంది, వీళ్ళు 18 మంది. బాబు ప్రాజెక్ట్‌లో ఈ ముక్క రాస్తే 18 అన్న అంకె తప్పక రాయమనండి, లేకపోతే అబద్ధమవుతుంది.

తర్వాత ప్రావిడెన్స్‌లో రెండేళ్ళు, ఫిలడెల్ఫియాలో 1884 నుంచి 1893 దాకా పదేళ్ళు మేనేజర్. ఫిలడెల్ఫియాకి ఛాంపియన్‌షిప్ దక్కలేదు. 1890లో కొంతకాలం చూపు పోయింది. కోలుకుని మళ్ళీ వచ్చి జట్టు నడిపారు. మేనేజర్ పని అయిపోయాక లీగ్ ఆయన్ని అంపైర్లందరికీ పెద్దగా నియమించింది. 1895 అక్టోబర్ 3న అట్లాంటిక్ సిటీలో న్యుమోనియాతో చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 13న ఊరూరా హ్యారీ రైట్ దినం పేరుతో ఆటలు పెట్టి, ఆ డబ్బు ఆయన స్మారకానికి ఇచ్చారు. తమ్ముడు జార్జ్ 1937లో, ఆయన 1953లో బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. అన్న అంతకాలం ఆగాల్సి రావడం నాకు బాధే.

ప్రాజెక్ట్‌లో జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి.

"బేస్‌బాల్ పితామహుడు" అన్న బిరుదు ఫిలడెల్ఫియా దగ్గర ఆయన సమాధి మీద ఉంది. కానీ చాడ్విక్‌నీ అలాగే పిలిచేవారు. ఆటని ఒక్కరు కనిపెట్టలేదు. అబ్నర్ డబుల్‌డే అనే సైనికాధికారి కనిపెట్టాడన్న కథ పాత పుస్తకాల్లో కనిపిస్తుంది, అది నిజం కాదు. "ప్రొఫెషనల్ జట్టుని నిలబెట్టినవాడు" అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

ఇప్పటి సిన్సినాటి రెడ్స్ ఆ 1869 జట్టుకి నేరుగా కొనసాగింపు కాదు. ఆ పేరుని గౌరవంగా నిలుపుకున్నారు, క్లబ్ మాత్రం 1880ల్లో కొత్తగా పుట్టింది. హ్యారీ బోస్టన్‌లో కట్టిన జట్టే ఊర్లు మారుతూ ఇప్పటి అట్లాంటా బ్రేవ్స్ అయింది. మా ఊళ్ళో పెద్దవాళ్ళే ఇది పొరబడతారు.

మూడోది పిల్లలకు చెప్పడానికి కష్టమైనా చెప్పాలి. 1867 డిసెంబర్‌లో క్లబ్బుల సంఘం నల్లజాతి సభ్యులున్న క్లబ్బులను చేర్చుకోకూడదని తీర్మానించింది. హ్యారీ జట్లన్నీ తెల్లవాళ్ళవే. జూదాన్ని, తాగుడిని ఎదిరించిన మనిషి దీన్ని మార్చలేదు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లో మేజర్ లీగ్ గ్రౌండ్‌లో అడుగుపెట్టేదాకా ఆ గోడ రకరకాలుగా నిలిచే ఉంది. ఈయన్ని ఎంత గౌరవించినా నేను మా జట్టు పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఈ భాగం వదిలిపెట్టను.

చార్ట్‌తో పాటు ఏదైనా చేసి చూపించాలంటే ఒక చిన్న ఆలోచన. స్కూల్ గ్రౌండ్‌లో రెండు గీతలు గీయించండి, ఒకటి 45 అడుగుల దగ్గర, ఇంకొకటి ఇప్పుడు మేజర్ లీగ్‌లో ఉన్న 60 అడుగుల 6 అంగుళాల దగ్గర. మెత్తటి టెన్నిస్ బంతి తీసుకుని బాబుని మొదటి గీత దగ్గర నిలబెట్టి, చేయి కిందినుంచి ఒకటి గట్టిగా, ఒకటి తేలిగ్గా విసరమనండి. బ్యాట్ పట్టుకున్న స్నేహితుడు రెండోదానికి ఎంత ముందుగా ఊపుతాడో క్లాసంతా చూస్తుంది. మీరు సిన్సినాటి చుట్టుపక్కలే ఉంటే యూనియన్ టెర్మినల్ ముందు కూడా చేయొచ్చు, రెడ్ స్టాకింగ్స్ ఆడిన యూనియన్ గ్రౌండ్స్ ఉండేది ఆ చోటే.